మైకు ఆపని సెమినార్

రేణుక పరిశోధన క్వాసార్ల మీద. దూరపు గెలాక్సీల నడిబొడ్డున కృష్ణబిలాలు చుట్టూ ఉన్న వాయువును మింగుతుంటే పుట్టే వెలుగులవి. విశ్వం పసితనంలో బయల్దేరిన వాటి ఎక్స్-కిరణాలు ఇప్పుడొచ్చి ఉపగ్రహ టెలిస్కోపుకు తగులుతున్నాయి. వాటిలో కొన్ని ఉండవలసిన దానికన్నా మసకగా ఎందుకున్నాయన్నదే ఆమె థీసిస్. సొంతూరు ఇటిక్యాలకు సెలవు మీద వచ్చింది కాబట్టి, ఆ మధ్యాహ్నం ఇంట్లోంచే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని సెమినార్ ఇస్తోంది.

ఆ క్వాసార్లు స్వతహాగా బలహీనమైనవా, లేక ఏదైనా అడ్డుందా అని గైడు దేవదాసు గారు అడిగారు. తక్కువ శక్తి కిరణాలు ఆగిపోయి, ఎక్కువ శక్తివే దాటి వస్తున్నాయి కాబట్టి మధ్యలో దట్టమైన వాయువు ఉన్నట్టేనని ఆమె చెబుతుండగా, కిటికీ అవతల చేనులోంచి అన్న డేవిడ్ కేక వినిపించింది.

కాలువ నీళ్ల దగ్గర పక్క చేను మద్దిలేటికీ డేవిడ్‌కూ కొన్నాళ్లుగా పడటం లేదు. రేణుక పరుగెత్తేసరికి మద్దిలేటి, అతని తమ్ముడు కలిసి డేవిడ్‌ను పత్తి సాళ్ల మధ్య పడేసి కర్రలతో బాదుతున్నారు. డేవిడ్ తల పగిలింది. మోచేయి వంగకూడని వైపుకు వంగిపోయింది. అడ్డం వెళ్లిన రేణుకను మద్దిలేటి తమ్ముడు జుట్టు పట్టి గట్టు మీదికి ఈడ్చాడు. గట్టు మీది పార ఆమె చేతికందింది. తిప్పి కొడితే అతను మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. మద్దిలేటి కర్ర మళ్లీ డేవిడ్ మీదికి లేచింది. ఆమె అతని భుజం మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. అతను బురదలో వెల్లకిలా పడి రెండో చెయ్యి ఎత్తాడు.

"వద్దు బిడ్డా, ఇడిసిపెట్టు."

రేణుక విడిచిపెట్టలేదు. పార ఈసారి దవడ మీద పడింది. నెత్తురుతో పాటే పళ్లూ రాలాయి. ఇంకా కొట్టేదే, తల్లి సారమ్మ వెనకనుంచి వచ్చి నడుం పట్టి లాగింది.

గద్వాల దవాఖానలో డేవిడ్ ఒక వార్డులో, మద్దిలేటి పక్క వార్డులో పడ్డారు. సాయంత్రం దేవదాసు గారు ఫోన్ చేశారు. మైకు ఆపకుండా లేచిపోవడంతో అందరూ విన్నారట, అంతా రికార్డయిందట. మద్దిలేటి బతిమాలింది తీసేసి, డేవిడ్ అరుపుల వరకే పోలీసులకు పంపుదామా అని మెల్లగా అడిగారు.

పక్కనే వింటున్న సారమ్మ బిడ్డ చెయ్యి పట్టుకుంది. "గంతవరకే పంపుమను. మీదికొచ్చింది వాళ్లు గద."

"భుజం మీద కొట్టింది అన్నను కాపాడనీకె అమ్మా. తర్వాత్ది గట్ల కాదు. ఆయన వద్దన్నంక కొట్టిన."

మొత్తం పంపమని రేణుక ఆయనకు చెప్పింది. చదువు ఏమవుతుందో ఆలోచించావా అని ఆయన అడిగితే, అదేమవుతుందో తెలియదంది.

కేసు రెండు వైపులా నమోదైంది. ఆమె పక్క వార్డు గుమ్మం దాకా వెళ్లింది. కట్లలోంచి మద్దిలేటి కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆమెను చూడగానే అతని మంచి చెయ్యి ముఖానికి అడ్డం లేచింది. రేణుక అడుగు లోపల పెట్టలేకపోయింది. తిరిగొచ్చి, డేవిడ్ తల కింద చెయ్యి పెట్టి లేపి, చెంచాతో జావ తాగించడం మొదలుపెట్టింది.