గ్లాసు వెతుక్కోనివాడు

ఆమె అభిప్రాయాలన్నీ మొగుడివైపోయాయి. ఇందులో వాదించడానికేమీ లేదు. పెళ్లయిన నాటి నుంచీ టీవీ సీరియళ్లను ఆయన హాల్లో కూర్చుని చూశాడు, ఆమె వంటింట్లో నిలబడి విన్నది. విన్న మనిషి వడ్డిస్తూ తనకు తోచింది చెప్పింది. చూసిన మనిషి మర్నాడు ఆఫీసులో అది తన మాటగా చెప్పుకున్నాడు. ఆఫీసువాళ్లు ఆయనకు డిటెక్టివ్ అని పేరు పెట్టారు.

ఆమె పగలంతా లాండ్రీలో మాసిన బట్టలు వేరుచేస్తుంది. అందుకే ఆమెకు సీరియళ్లలో ముందు బట్టల మీదే అనుమానం. మురిక్కాలవలో దిగి దొంగను పట్టుకున్న ఇన్‌స్పెక్టర్ మర్నాటి సీనుకి తెల్లచొక్కాతో వస్తాడు. ఎవరుతికారు? పెళ్లాం. ఆ పెళ్లానికి రాసిన మాటలు రెండే, జాగ్రత్తండీ, ఎప్పుడొస్తారు. ఆ రెండూ అయ్యాక ఆమెను చంపేస్తారు, ఇన్‌స్పెక్టర్‌కి దుఃఖం కావాలి కాబట్టి. బతికుండగా కుర్చీ ఇవ్వలేదు గాని చచ్చాక ఫొటోని మాత్రం వారం వారం చూపిస్తారు. దెయ్యాల సీరియళ్లు ఇంకా నయం. మగవాడు చస్తే చచ్చినట్టే, తిరిగి రాడు. ఆడది చస్తే దెయ్యమై అదే ఇంటికొచ్చి గదులన్నీ తిరుగుతుంది. చచ్చినా ఆడదానికి పని తెమలదన్నమాట, అంది ఒకరోజు కూర వడ్డిస్తూ. ఆయన నవ్వలేదు. "వినడమేగా నువ్వు చేసేది? చూసినట్టు చెబుతావేం?" అన్నాడు.

చూసినట్టు చెప్పడానికి చూడనిస్తేగా. కథ ముడి విప్పే సమయానికే ఆయనకు దాహం వేస్తుంది. "కాసిని మంచినీళ్లు!" నీళ్లు తెచ్చి ఆమె ఒక క్షణం నిలబడితే, "తెరకు అడ్డం రాకు." ఆమె ఇంతవరకూ ఏ కథ ముగింపూ కూర్చుని చూడలేదు.

ఒకరోజు ఆయన ఆఫీసు క్యాషియరు తన కోట్లు ఉతకడానికి ఇవ్వాలని లాండ్రీకొచ్చాడు.

"మీ ఆయనది బుర్రండీ వదినగారూ! చచ్చినా ఆడదానికి పని తెమలదన్నమాట అన్నాడు, నవ్వలేక చచ్చాం. మీకివన్నీ ఎక్కడ పడతాయిలెండి, వంట గొడవలో ఉంటారు."

ఆమె కోట్ల జేబులు తడిమి చూసింది. రుమాలు తీసి క్యాషియరు చేతిలో పెట్టింది. "శనివారానికి అవుతాయి," అంది. అంతే.

అప్పుడు నడుస్తున్నది హత్య కథ. వ్యాపారి భార్యను ఇంట్లోనే చంపేశారు. వ్యాపారిగారి భాగస్వామి, ఆ ఇంటి గుమ్మం తానెన్నడూ తొక్కలేదన్నాడు. ఇన్‌స్పెక్టర్ అందర్నీ ఆ ఇంటికే పిలిచి అడుగుతుంటే పనిమనిషి కళ్లు తిరిగి పడింది. భాగస్వామి పరుగున వెళ్లి నీళ్లు తెచ్చాడు. హాల్లో ఆయనా, అత్తగారూ తెర మీద పనిమనిషిని చూశారు. వంటింట్లో ఈమె చప్పుడు విన్నది. ఒక్క అలమర తలుపు. ఒక్క గ్లాసు. కుళాయి. ఆమె చేతిలో గరిటె ఆగింది. కొత్త వంటింట్లో ఎవరైనా రెండు తలుపులు తప్పు తీస్తారు. వీడు తీయలేదు. వీడికి ఆ ఇల్లు తెలుసు.

ఆ పూట వడ్డించేటప్పుడు ఆమె ఏమీ చెప్పలేదు. రెండు రోజులు చూసి ఆయనే అడిగాడు.

"ఏమిటి, ఈసారి నోరు పడిపోయిందా? ఎవరంటావ్?"

"నాకేం తెలుసు. వినడమేగా."

ఆఖరి భాగానికి డిటెక్టివ్‌గారి తీర్పు వినాలని క్యాషియరూ, టైపిస్టమ్మా ఇంటికే వచ్చారు. ఆయన వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించాడు. "చెప్పవే, పరువు పోతుంది."

ఆమె పొయ్యి కట్టేసింది. చేతులు తుడుచుకుంది. హాల్లోకి వెళ్లి, టీవీ ఎదురుగా ఉన్న ఆయన కుర్చీలో కూర్చుంది.

"అమ్మాయ్, కూర?" అన్నారు అత్తగారు.

"దించేశానత్తయ్యా."

"ఇంకేం మరి. కూర్చో," అన్నారావిడ, కాళ్లు కాస్త దగ్గరకు తీసుకుంటూ.

కథ ముడి దగ్గరకొచ్చింది. క్యాషియరుకు బిస్కెట్టు గొంతులో అడ్డం పడి దగ్గు తెర వచ్చింది. అలవాటు కొద్దీ అందరూ ఆమె వైపు చూశారు. ఆమె తెర వైపు చూస్తూనే, "ఏవండీ, మంచినీళ్లు తెండి," అంది.

ఆయన వెళ్లాడు. ఒక తలుపు చప్పుడైంది. ఇంకొకటి. డబ్బా మూత ఏదో దొర్లింది. మూడో తలుపు. "గ్లాసులెక్కడ తగలేశావే?"

"వింటున్నారా?" అందామె అతిథులతో. "ఆయన పుట్టి పెరిగిన ఇల్లిది. ఆ భాగస్వామి ఎన్నడూ రాలేదన్న ఇంట్లో ఒక్క తలుపే తీసి గ్లాసు పట్టుకొచ్చాడు. చంపింది వాడే."

దగ్గుతున్న క్యాషియరు దగ్గు మర్చిపోయాడు. తెర మీద ఇన్‌స్పెక్టర్ వెళ్లి ఆ భాగస్వామి ఎదుట నిలబడి, "నీకు గ్లాసులెక్కడుంటాయో ఎవరు చెప్పారు?" అన్నాడు.

అదే సమయానికి ఆయన పాలగిన్నె నిండా నీళ్లతో గుమ్మంలోకొచ్చాడు. ముందు అత్తగారు నవ్వారు. తర్వాత ఎవరూ ఆపుకోలేకపోయారు.

టైపిస్టమ్మ కళ్లు తుడుచుకుని ఆమెను తేరిపార చూసింది. "అయితే, ఆ దెయ్యం మాట?"

"నాదే."

ఆమె ముగింపంతా కూర్చునే చూసింది. బేడీలు వేయడం, వ్యాపారి ఏడవడం, చివర్న పేర్లు పైకి పాకడం కూడా. బాగుంది. తీరిగ్గా ఉంది.

ఇంకో కథ మొదలైంది. ఇప్పుడు ఆమె వంట ముందే ముగిస్తుంది. ఆ కుర్చీ ఆమెదే. ఆయన గోడవార స్టూలు వేసుకుంటాడు. రెండో వారానికే దొంగెవరో ఆమెకు తెలిసిపోయింది. ముఖం చూసి ఆయన పసిగట్టాడు. ప్రకటనలు వస్తుంటే స్టూలు దగ్గరకు జరుపుకున్నాడు.

"ఎవరంటావ్?"

"గ్లాసులు పై అరలో, ఎడం పక్క," అంది ఆమె. "నాక్కూడా తెండి."

సీరియళ్ల గురించి ఆమె ఆయనతో మళ్లీ మాట్లాడలేదు. మాట్లాడదు.