దొంగబంతి

చూపుడువేలినీ నడిమివేలినీ కలిపి తెల్లటి టేపు చుట్టి, కొసను పళ్ళతో తెంపాడు. తర్వాత చిటికెనవేలు. అది ఎప్పుడో విరిగి, సరిగా అతుక్కోక, ఉంగరపు వేలి మీదికి వాలిపోయి ఉంటుంది. దానికి విడిగా చుట్టాలి. ఆట ఉన్న రోజు మంచం అంచున కూర్చుని అతను చేసే మొదటి పని ఇదే. చొక్కా గుండీలు మాత్రం భార్య పెడుతుంది. టేపు చుట్టిన వేళ్ళకు గుండీలు లొంగవు.

"వీటికన్నా అల్లం కొమ్ములు నయం," అంది ఆమె, మెడ దగ్గర గుండీ పెడుతూ.

"అల్లానికి ఇంత పేరు రాలేదులే."

"నీకు మాత్రం ఏం వచ్చిందని?"

ఇద్దరూ నవ్వారు. ఏళ్ళ తరబడి వాడి వాడి అరిగిపోయిన నవ్వు. తువ్వాలు, దువ్వెన, తాళంచెవి అతని కుడిచేతి వైపు పెట్టి, ఆమె తన ఆఫీసు బస్సుకు పరుగెత్తింది. అతను మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. లేచినప్పుడు ఎండుపుల్లలు విరిగినట్టు చప్పుడైంది. బతుకంతా గుంజిళ్ళు తీసినవాడి మోకాళ్ళు మరి.

అతను వికెట్‌కీపరు. బ్యాటింగుకు ఏడో స్థానంలో వస్తాడు. జట్టులో అందరూ గడియన్న అంటారు. బ్యాట్స్‌మన్ గీత దాటి ఒక్క అడుగు ముందుకేస్తే, వెనక తలుపుకు గడియ పడినట్టేనని పాతరోజుల్లో ఎవరో అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది. రోజంతా పట్టిన బంతులు ఎవరికీ కనిపించవు, వదిలిన ఒక్కటి ఊరంతా చూస్తుంది. ఆ ఉద్యోగం అలాంటిది. బ్యాటింగూ అంతే. ముందువాళ్ళంతా చేతులెత్తేశాక, నీడలు పొడుగయ్యే వేళకు వచ్చి, బ్యాటు పట్టడం సరిగా రాని బౌలర్లను వెంటబెట్టుకుని ఈదేవాడు. ఒకసారి తొడ కండరం పట్టేసినా కుంటుతూ సాయంత్రం దాకా నిలబడి, ఓడిపోయే ఆటను కాపాడాడు. మర్నాడు పత్రికలో ఫోటో వేశారు. ఫోటో అతనిదే, కింద పేరు మాత్రం వేరేవాళ్ళది.

మైదానం చేరేసరికి గడ్డి ఇంకా తడిగా ఉంది. వల కట్టిన చోట బక్కోడు ఒంటరిగా, ఎదురుగా ఒకే ఒక స్టంపు పాతుకుని బంతులు వేస్తున్నాడు. అతను చూసీ చూడనట్టు సంచీ భుజానికెత్తుకుని గదిలోకి వెళ్ళిపోయాడు.

బక్కోడు జట్టులో పాత స్పిన్నరు. అతని ఈడువాడే. చేరిన కొత్తలో ఇద్దరిదీ ఒకే గది, ఒకే సబ్బు, ఒక్కోసారి ఒకే చొక్కా. ఒక ఏడాది, దేశం జట్టుకు కీపరు కావాలని సెలెక్టర్లు వీళ్ళ ఆట చూడటానికి వచ్చారు. ముందురోజు ప్రాక్టీసులో అతని బొటనవేలు విరిగింది. పళ్ళ బిగువున ఓర్చుకుని, గదిలో బక్కోడికి ఒక్కడికే చెప్పాడు. ఆ ఏడాది కెప్టెను బక్కోడే. తెల్లారేసరికి జట్టులో అతను లేడు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆ వేలి సంగతి నేరుగా సెలెక్టర్ల చెవిలోనే పడింది. ఆ రోజు అతని బదులు ఆడినవాడు దేశం తరఫున చాలా ఏళ్ళు ఆడాడు. "ఆడితే వేలు జన్మలో పనికిరాకుండా పోయేదిరా," అని బక్కోడు నచ్చచెప్పబోయాడు. అతను పరుపు చుట్టుకుని వేరే గదికి మారిపోయాడు. మళ్ళీ అతన్ని దేశం పిలవలేదు. మళ్ళీ బక్కోడిని అతను పలకరించలేదు.

మాటలు పోయాయి గానీ పని ఆగలేదు. బక్కోడి మణికట్టు ఏ మాత్రం తిరిగితే బంతి ఎంత తిరుగుతుందో అతనికి తెలిసినంతగా, బక్కోడి మనసు వాడి పెళ్ళానికి కూడా తెలీదని జట్టులో నవ్వుకునేవారు. ముఖ్యంగా గూగ్లీ. మామూలు బంతిలాగే చేతిలోంచి వచ్చి, నేల తాకాక ఎదురు దిక్కుకు తిరిగేది. అందరూ దాన్ని దొంగబంతి అనేవాళ్ళు. అది బ్యాట్స్‌మన్ కాళ్ళ చాటునుంచి, కీపరు ఎడమపక్కకు దూసుకొస్తుంది. బ్యాట్స్‌మన్ మోసపోయినా అతను మోసపోయేవాడు కాడు. ఎంతమంది వెనక్కి తిరిగి చూసేసరికి బెయిల్స్ నేల మీద ఉండేవో.

అది పోయిన ఏడాది దాకా. పోయిన ఏడాది ఒక బంతి అనుకోకుండా ఎగిరి ఎడమ కంటి కింద కొట్టింది. వాపు తగ్గింది, నలుపు తగ్గింది. ఎడమపక్క లోకం మాత్రం పొగ పట్టిన అద్దంలా ఉండిపోయింది. ఎవరికీ చెప్పలేదు. ఒకసారి చెప్పి ఏం బాగుపడ్డాడు గనక?

ఇవాళ ఆటకు ఆఖరి రోజు. ఎదుటి జట్టుకు గెలుపు ఎలాగూ అందదు, ఓడకుండా తప్పించుకోవాలంటే సాయంత్రం దాకా నిలబడితే చాలు. పొద్దున రెండు వికెట్లు పడ్డాక ఒక మొండి బ్యాట్స్‌మన్ గుంజలా పాతుకుపోయాడు. బక్కోడు ఒళ్ళు వంచి వేస్తూనే ఉన్నాడు. అన్నీ ఒకే వైపు తిరిగే బంతులు. బ్యాట్స్‌మన్ కళ్ళు మూసుకునైనా ఆపగలిగేవి.

భోజనాల దగ్గర కెప్టెను వచ్చి బక్కోడి ఎదురుగా కూర్చున్నాడు. "నీ గూగ్లీ ఏమైందన్నా? ఈ సీజన్లో ఒక్కటీ చూడలేదు నేను."

"చేతికి రావట్లేదు."

"అలాగైతే వచ్చే ఏడాది నీ కోసం నేనేమని అడగను? పైవాళ్ళు అప్పుడే ఇంకో స్పిన్నరు పేరు అంటున్నారు."

"అననీ," అని బక్కోడు మంచినీళ్ళు తాగాడు.

పక్క బల్ల దగ్గర అతని చేతిలో ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పొద్దున ఒంటరి స్టంపుకు బక్కోడు వేసిన బంతులు కళ్ళముందు మెదిలాయి. అన్నీ దొంగబంతులే. ముచ్చటగా, కత్తితో కోసినట్టు తిరిగాయి. వెనక కీపరు లేనిచోట.

పళ్ళెం పక్కకు నెట్టేశాడు. ఇంకొకటి కూడా తట్టింది. తువ్వాలు, దువ్వెన, అన్నీ భార్య తనకు కుడివైపే ఎందుకు పెడుతోంది? ఎన్నాళ్ళనుంచి?

మధ్యాహ్నం ఒక ఓవరు అయ్యాక, వైపులు మారేటప్పుడు, అతను పిచ్ పక్కన ఆగాడు.

"ఒరేయ్."

బక్కోడు బంతిని ప్యాంటుకు రుద్దుతూ నిలబడిపోయాడు.

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"కన్ను సంగతా? నిరుడు ఆఖరి ఆటలోనే. తల ముందు తిరిగి, చేతులు తర్వాత వచ్చాయి. నీకెప్పుడూ చేతులే ముందు."

"అప్పుడేమో ఊరంతా చాటావు. ఇప్పుడెందుకు దాచావు?"

బక్కోడు బంతి వంక చూస్తూ అన్నాడు. "అప్పుడు చెప్పి నిన్ను పోగొట్టుకున్నా. రెండోసారి ఎవడు చెప్తాడ్రా?"

అంపైరు దగ్గాడు. అతను గ్లవ్స్ సర్దుకున్నాడు. "నీ వంతొచ్చాక దొంగబంతి వెయ్యి."

"తగుల్తుంది."

"తగలనీ. నా కన్ను పోయిందని నీ చెయ్యి కూడా చంపుకుంటావా?"

బక్కోడు వేశాడు. మణికట్టు కాస్త లోపలికి ఒంగింది. వచ్చేది ఏదో అతనికి అప్పుడే తెలిసిపోయింది. బ్యాట్స్‌మన్ మోసపోయి, గీత దాటి ముందుకొచ్చాడు. వికెట్ల వెనక అతని చేతులు వెళ్ళాల్సిన చోటుకే వెళ్ళాయి, ఒక్క రెప్పపాటు ఆలస్యంగా. పొగలో మునిగిన బంతి గ్లవ్స్ అంచు రాసుకుని భుజం ఎముకకు తగిలి, గడ్డి మీద దొర్లుకుంటూ బౌండరీ దాటింది. బ్యాట్స్‌మన్ తీరిగ్గా వెనక్కొచ్చి, చచ్చి బతికినవాడిలా ఊపిరి వదిలాడు.

ఇంకోటి వెయ్యమని అతను గ్లవ్స్‌తో సైగ చేశాడు. బక్కోడు తల అడ్డంగా ఊపాడు. తర్వాతి బంతి మామూలుదే.

తను ఉన్నంతసేపూ వీడు వెయ్యడు. అది అర్థమయ్యాక ఇంక ఆలోచించడానికేమీ మిగల్లేదు. ఓవరు అయ్యాక కెప్టెను దగ్గరికి నడిచాడు.

"నా ఎడమ కన్ను కనిపించట్లేదు. నిరుటినుంచీ. రెండో కీపర్ని పిలు."

కెప్టెను నోరు తెరిచాడు. "ఇప్పుడా చెప్పేది, అన్నా?"

"ఇప్పటికైనా చెప్పా కదా. బక్కోణ్ణి మాత్రం తీసెయ్యకండి. తప్పు వాడిది కాదు."

అంపైరు ఒప్పుకున్నాడు. అతను నడిచి వస్తుంటే చప్పట్లేమీ మోగలేదు. చూస్తున్న నలుగురైదుగురూ మంచినీళ్ళకు వెళ్తున్నాడనుకున్నారు. ఇన్నేళ్ళ ఆట ముగిసిందని వాళ్ళకెవరు చెప్పాలి? అతను మెట్ల మీద కూర్చున్నాడు, కాళ్ళకు ప్యాడ్లు విప్పకుండానే.

బక్కోడు మళ్ళీ బంతి అందుకున్నాడు. మణికట్టు ఒంగింది. మెట్ల మీద అతని చేతులు ఒళ్ళోంచి వాటంతటవే ఎడమకు కదిలాయి. అక్కడ, వికెట్ల వెనక, వేరే చేతులు బంతిని అందుకుని బెయిల్స్ ఎగరగొట్టాయి. అందరూ కొత్త కీపరు మీదికి ఉరికారు. బక్కోడు మాత్రం పిచ్ మధ్యలో నిలబడి మెట్ల వైపు చూశాడు. అతను చెయ్యెత్తాడు. అంత దూరానికి కనిపించిందో లేదో.

గదిలోకి వెళ్ళి ప్యాడ్లు విప్పాడు. ముఖం కడుక్కున్నాడు. టేపు ఒక్కొక్క వేలి నుంచీ ఊడదీస్తుంటే కింద చర్మం నీళ్ళలో నానినట్టు తెల్లగా, ముడతలుగా ఉంది. గుండీలు ఒక్కడే పెట్టుకున్నాడు. చాలాసేపు పట్టింది.

"అప్పుడే వెళ్ళిపోతున్నావేం గడియన్నా, ఆట అవ్వకుండానే?" అన్నాడు గేటు దగ్గర కాపలావాడు.

"వస్తానోయ్," అని అతను బస్సుల రోడ్డు వైపు నడిచాడు.

ఎండ వాలేలోపు ఎదుటి జట్టు కుప్పకూలింది. గదిలో అరుపులు, ఒకళ్ళ మీద ఒకళ్ళు నీళ్ళు చల్లుకోవడం. బక్కోడు ఆ గోలలోంచి తప్పుకుని రెండు కప్పుల్లో టీ పోసుకుని, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు. ఒకటి తన ముందు పెట్టుకుని, రెండోది ఎదుటి కుర్చీ ముందు పెట్టి, చల్లారకుండా దాని మీద సాసరు మూత పెట్టాడు. ఎన్నేళ్ళ మాటలో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, చాలాసేపు తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు.

చివరికి ఎవరో చెప్పారు, గడియన్న ఎప్పుడో వెళ్ళిపోయాడని.

తన టీ తాగి, సంచీ తీసుకుని బక్కోడూ వెళ్ళాడు. దీపాలు ఆర్పేశారు. బల్ల మీద రెండో కప్పు అలాగే ఉంది. సాసరు అడుగున పట్టిన ఆవిరి బొట్లుగా మారి, చల్లారిన టీలోకి ఒక్కొక్కటే జారుతోంది.