రెండు తెల్ల బల్లులు, ఆరు మచ్చల పిల్లలు

బల్లి మీద పడితే పరుగెత్తుకెళ్లి తలస్నానం చేసే ఊరి నుంచి వచ్చినదాన్ని నేను. అలాంటి నా ఇంట్లో బల్లికొక గది, ఆ గదికొక హీటరు! అంతా మా సోఫియా చలవ. దానికి పద్నాలుగేళ్లు. మొదట పాము కావాలని ఏడ్చింది. న్యూజిలాండ్‌లో పాములు లేవు, పెంచుకోనివ్వరు కూడా. దేవునికి స్తోత్రం అనుకున్నాను. ఆ సంతోషం పట్టుమని పది రోజులు నిలవలేదు. లెపర్డ్ గెకో అని, జానెడు బల్లిని తెచ్చుకుంది.

మామూలుగా ఆ జాతికి పసుపు ఒంటి మీద నల్లమచ్చలుంటాయట. ఇది ఆల్బినో. నల్లరంగు తయారుకాని ఒళ్లు, లేత గులాబీ కలిసిన తెలుపు. దానికి మల్లి అని పేరు పెట్టింది. నేను కేర్ హోమ్‌లో షిఫ్టు ముగించుకుని పొగమంచులో డ్రైవ్ చేసుకుంటూ ఇంటికొచ్చేసరికి నా కూతురు మల్లికి పురుగులు తినిపిస్తూ ఉండేది. నాకు టీ ఇచ్చే దిక్కు మాత్రం ఉండేది కాదు.

మా హామిల్టన్ చర్చిలో ఎలియాస్ అంకుల్ అని ఉన్నారు. హాస్పిటల్లో వార్డు పనిచేసి రిటైరైన పెద్దాయన. ఆయన దగ్గరా ఒక తెల్లది ఉంది, మగది, పేరు సొలొమోను. రెంటినీ జత కడదామన్నారు. పుట్టిన పిల్లల్ని చెరి సగం పంచుకోవాలని ఒప్పందం. అంతటితో ఊరుకున్నారా? మా ఇంట్లో జరిగిన ప్రార్థన కూటంలో, సాక్ష్యాలు చెప్పే వేళ, లేచి నిలబడ్డారు.

"రెండు తెల్లనివి కలిస్తే పుట్టేవన్నీ తెల్లనివే. చూడండి, సంఘంలో పిల్లలందరికీ తలా ఒకటి ఇస్తా" అని మాటిచ్చారు. అందరూ ఆమెన్ అన్నారు. గట్టిగా అన్నది నేనే.

మల్లి రెండేసి చొప్పున ఆరు గుడ్లు పెట్టింది. సోఫియా వాటిని ఇంక్యుబేటర్‌లో పెట్టి రోజుకు పదిసార్లు వేడి చూసేది. ఆ వేడిని బట్టే ఆడో మగో తేలుతుందని అది చెబితే నేను నమ్మలేదు. రెండు నెలలకు ఆరూ పిల్లలయ్యాయి. ఆరింటికీ పసుపు పట్టీలు, నల్ల పట్టీలు! ఒక్కటంటే ఒక్కటి తెల్లది లేదు.

ఎలియాస్ అంకుల్ వచ్చి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు.

"అమ్మా ఫ్లోరెన్సూ, ఇవి మా సొలొమోను పిల్లలు కావమ్మా" అన్నారు నెమ్మదిగా. "సెలవుల్లో పాప మల్లిని ఎక్కడికైనా తీసుకెళ్లిందా?"

తీసుకెళ్లింది. మనురేవాలో ఉన్న ఫ్రెండు కావ్యశ్రీ ఇంటికి, వారం రోజులు. అక్కడొక మచ్చల మగబల్లి ఉంది. ఈ ఆడబల్లులు ఒకసారి కలిస్తే ఆ బీజాన్ని నెలల తరబడి కడుపులో దాచుకోగలవని కూడా ఆయనే చెప్పారు. నాకు తల కొట్టేసినట్టయింది. సంఘమంతటి ముందూ మాట పోయిందని ఆయన బాధ. నా కూతురు అబద్ధమాడిందని నా బాధ.

"వేరే ట్యాంక్ మమ్. అసలు కలపలేదు. ప్రామిస్" అంది సోఫియా.

నాకు కోపం ముందు, ఆలోచన వెనక. లోపలికి పోయి మా అమ్మ నాకిచ్చిన పాత తెలుగు బైబిలు తెచ్చి బల్ల మీద ఠపీమని పెట్టాను.

"ప్రామిస్‌లు కాదు. దీని మీద చెయ్యి పెట్టి చెప్పు!"

సోఫియా చేతులు వెనక్కి కట్టుకుంది. "అమ్మమ్మ చేత కూడా ఇలాగే చేయించారని నువ్వే చెప్పావ్ కదా" అంది. గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

నిజమే, నేనే చెప్పాను. మా అమ్మానాన్నలిద్దరూ పచ్చగా ఉండేవాళ్లు. నేను నలుపు. నాకు మూడో నెల వచ్చాక మా నాయనమ్మ ఈ బైబిలు మీదే మా అమ్మ చేత చెయ్యి పెట్టించి, ఈ బిడ్డ మా వంశానిదేనని చెప్పించింది. అమ్మ చెప్పింది. చెప్పినా నాయనమ్మ నన్ను ఒక్కనాడూ ఎత్తుకోలేదు. పక్కనే నిలబడ్డ మా నాన్న ఒక్క మాటా మాట్లాడలేదు. నేను ఇక్కడికి వచ్చేటప్పుడు అమ్మ బైబిలు చేతిలో పెట్టి ఈ సంగతి చెప్పి ఏడ్చింది. అమ్మ పోయి నాలుగేళ్లయింది.

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా, దాచడమెందుకు, లోపల అనుమానం మాత్రం చావలేదు. తెల్లదానికీ తెల్లదానికీ మచ్చలెలా వస్తాయి?

ఆ ప్రశ్న సోఫియానూ నిలవనివ్వలేదు. బల్లులు, తాబేళ్లు పెంచేవాళ్ల క్లబ్బులో ఒక పెద్దావిడను పట్టుకుంది. వారం తర్వాత ఎలియాస్ అంకుల్‌ని పిలిపించి, మా ఇద్దరినీ కూర్చోబెట్టింది. నా వైపు చూడలేదు, ఆయనకే చెప్పింది.

"అంకుల్, ఆల్బినోల్లో కైండ్స్ ఉన్నాయి. బయటి దేశాల్లో బోవా పాములు పెంచేవాళ్లకి కూడా ఇలాగే అయిందంట. టూ వైట్ పేరెంట్స్, బేబీస్ అన్నీ డార్క్."

"అదెలాగమ్మా?"

"మమ్ పులుసు చేస్తుంది కదా. ఒకళ్లింట్లో చింతపండు లేదు. ఇంకొకళ్లింట్లో కారం లేదు. ఇద్దరికీ పులుసు అవ్వదు. కానీ వాళ్ల బేబీకి ఈ ఇంటి నుంచి కారం, ఆ ఇంటి నుంచి చింతపండు వస్తే?"

"పులుసు ఉడుకుతుంది" అన్నాను నేను, నోరు ఊరుకోక. ఒక్క వాక్యంలో అర్థమైపోయింది. మల్లికి లేనిది సొలొమోను ఇచ్చాడు, సొలొమోనుకు లేనిది మల్లి ఇచ్చింది. అందుకే పిల్లలకు నల్లరంగు తయారైంది. అబ్బ, ఎంత బాగుంది! ఆ పిల్లల్ని వెళ్లి మళ్లీ చూడాలనిపించింది.

ఎలియాస్ అంకుల్ మాత్రం తల ఊపలేదు. "అయ్యుండొచ్చు. కాకపోయీ ఉండొచ్చు. తెలిసేదెలా?"

దానికీ దారి ఉందంది. ఆయన దగ్గర సొలొమోను తోబుట్టువు ఒకటుంది, షేబ. అదీ తెల్లదే, సొలొమోను రకమే. ఈ ఆరింటిలో ఒక మగదాన్ని పెద్దయ్యాక షేబతో జత కట్టాలి. తండ్రి సొలొమోనే అయితే షేబ పిల్లల్లో ఇంచుమించు సగం తెల్లగా పుడతాయి. మనురేవా బల్లి అయితే ఒక్కటీ పుట్టదు.

"ఛీ ఛీ, మేనత్తతోనా!" అన్నాను. ఎలియాస్ అంకుల్ అంత బాధలోనూ నవ్వారు.

ఏడాది ఆగాలి. ఆ ఏడాదంతా సోఫియా నాతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. మా ఆయన నోవహు ఈ గొడవలో తల దూర్చలేదు. నేను మాత్రం రోజూ ఆ మగపిల్లకు పురుగులు వేస్తూ, దాని నల్ల పట్టీలు మచ్చలుగా విడిపోవడం చూస్తూ ఉండేదాన్ని. అది నా వేలు నాకేది. నాకు తెలియకుండానే దానికి మా నాన్న పేరు పెట్టేశాను, లాజరస్ అని.

షేబ మొదటి రెండు గుడ్లూ పిల్లలయ్యాయి. రెండూ మచ్చలవే. నేను సోఫియా వైపు చూశాను. ఆ చూపు దానికి అందింది. అది కళ్లు దించుకుని ఇంక్యుబేటర్ మూత పెట్టింది.

మూడు వారాలకు రెండో జత. ఆదివారం, చర్చి నుంచి ఎలియాస్ అంకుల్ కూడా మాతోనే వచ్చారు. మూత తీసేసరికి ఒక పెంకు చీలి ఉంది. అందులోంచి చిన్న ముక్కు, ఆ వెనక గులాబీ రంగు ఒళ్లు, లేత పసుపు పట్టీలు. నలుపన్నది చుక్కంత లేదు.

"సొలొమోను మనవడు!" అని అరిచారు ఎలియాస్ అంకుల్. సోఫియా చేతులు రెండూ పట్టుకుని, "తప్పయిపోయిందమ్మా, వచ్చే కూటంలో అందరి ముందూ నేనే చెబుతా" అన్నారు. ఆయన కళ్లు తడిశాయి.

నేనా పిల్లను అరచేతిలోకి తీసుకున్నాను. సంతోషం పట్టలేక, "చూశావా! నువ్వు నిజమే చెప్పావే!" అని సోఫియాను దగ్గరికి లాక్కోబోయాను.

అది కదల్లేదు. "నేను లాస్ట్ ఇయరే చెప్పాను మమ్. నువ్వు ఇవాళ బల్లిని నమ్మావ్" అంది.

మా నాయనమ్మకు ఇలాంటి పరీక్ష ఏదీ దొరకలేదు కాబట్టి నమ్మలేదని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను. దొరికి ఉంటే మాత్రం? అమ్మకు కావలసింది అది కాదు. పక్కన నిలబడ్డ మనిషి, ఇంకేమీ చూడకుండా, ఈమె మాట నిజమని ఒక్కసారి అనడం. మా నాన్న అనలేదు. నేనూ అనలేదు.

పిల్లను దాని పెట్టెలో వదిలి, వెళ్లి అమ్మ బైబిలు తెచ్చి బల్ల మీద పెట్టాను, ఈసారి మెల్లగా. సోఫియా ముఖం బిగుసుకుంది.

"నువ్వు కాదు, నేను" అన్నాను. అట్ట మీద చెయ్యి ఆనించాను. "ఇకమీదట నీ మాట ముందు నమ్ముతాను. బల్లిని తర్వాత అడుగుతాను."

సోఫియా నా చేతి వైపు చూసింది.

"మమ్, గెకోని పట్టుకుని చేతులు కడుక్కోలేదు నువ్వు. అది అమ్మమ్మ బైబిల్" అంది. నా మణికట్టు పట్టుకుని సింక్ దగ్గరికి తీసుకెళ్లి, కుళాయి తిప్పి, నా చేతులకు తనే సబ్బు రాసింది.