మూడో అంతస్తు విశ్వసనీయ వర్గాలు

వదినగారి బాల్కనీ ఒకప్పుడు ఉత్త బట్టలారేసుకునే చోటు. కూతురు పండగా పబ్బమూ లేకుండా ఓ కొత్త ఫోనూ, దాన్ని నిలబెట్టే మూడు కాళ్ళ స్టాండూ తెచ్చి ఇచ్చింది. అప్పటినుంచీ ఆ బాల్కనీ ‘మా వీధి కబుర్లు’ అనే వీడియో ఛానెల్ అయి కూర్చుంది. మంచినీళ్ళ పైపు పగిలినా, మూలమలుపు గుంటలో ఎవరి స్కూటరు దిగబడినా ముందు ఆవిడ నోట పడాల్సిందే. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆవిడ నోరు సంగతేమో గానీ, ఊరు మాత్రం ఆవిడ ఫోన్లోకి వచ్చి పడింది. ఈ వీధి ఎక్కడుందో తెలియనివాళ్ళు కూడా పొద్దున్నే “ఏంటి పిన్నీ కబుర్లు?” అని రాసేవారు.

ఆవిడకు సరిగ్గా కింది వాటాలో మరిది ఉంటాడు. తల నెరిసేదాకా ఒకటే పత్రికలో విలేకరి. గొడవ జరిగితే కొట్టినవాణ్ణి అడుగుతాడు, దెబ్బ తిన్నవాణ్ణి అడుగుతాడు, పక్కన నిలబడి చోద్యం చూసినవాణ్ణి కూడా అడుగుతాడు. అప్పుడు గానీ కలం తీయడు. ఈలోగా వార్తకు గడ్డాలూ మీసాలూ మొలుస్తాయని వదినగారి ఎకసెక్కం.

“ఏం మరిదీ, ఇవాళ మీ పేపర్లో ఏం వేశారు? నిన్న నేను చెప్పినవేనా?”

“నువ్వు చెప్పేవి కబుర్లు వదినా. మేం రాసేవి వార్తలు.”

“తేడా ఏంటో?”

“మేం అడిగి రాస్తాం.”

“మీరు అడిగేలోగా చల్లారి చస్తాయి. వేడివేడిగా ఉన్నప్పుడే నోట్లో వేసుకోవాలయ్యా.”

“నాలుక కాలుతుంది, చూసుకో మరి.”

ఇలా మెట్ల మీద ఎదురుపడ్డప్పుడల్లా ఒకరినొకరు దెప్పుకోనిదే ఇద్దరికీ పొద్దు గడిచేది కాదు.

ఒకనాడు వదినగారు తడిబట్టలు దులుపుతూ కిందికి చూసేసరికి, ఎదురుగా ఉన్న బేకరీ షట్టరు సగం దించి ఉంది. ముందు ఓ వ్యాను. మొహాలకు గుడ్డలు, చేతులకు తొడుగులు ఉన్న మనుషులు లోపల్నుంచి సంచులు మోసుకొస్తున్నారు. బేకరీ నడిపే రొట్టెలక్క నెత్తిన చెయ్యి పెట్టుకుని చూస్తోంది. ఇంకేముంది, బట్టలు బకెట్లోనే ఉండిపోయాయి, ఫోను కాళ్ళ మీద నిలబడింది.

“చూస్తున్నారుగా! మన రొట్టెలక్క కొట్టు మూసేశారు. మొహాలకి గుడ్డలు కట్టుకుని వచ్చి సంచులకి సంచులు పట్టుకుపోతున్నారు. తనిఖీవాళ్ళే అయ్యుంటారు. పిండిలో ఏం దొరికిందో ఏంటో! షట్టరు మీద కాగితం కూడా అంటించారు, ఇక్కణ్ణించి కనబడి చావట్లేదు.”

ఆవిడ చూసిందంతా నిజమే. అబద్ధమల్లా ఆ ‘అయ్యుంటారు’ అన్న ఒక్క మాటలో నక్కింది. విన్నవాళ్ళు ఆ మాటను కాస్తా దారిలో పారేసుకుని, మిగతాది జాగ్రత్తగా మోసుకుపోయారు. సాయంత్రానికి రొట్టెల్లో బల్లి పడిందని ఒకరు, బల్లి కాదు ఎలుకని ఇంకొకరు.

రోజూ తను తినే రొట్టె అక్కడిదే కదా, వదినగారికి లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. కిందికి దిగి అడుగుదామా అనుకుంది. మోకాళ్ళు వద్దన్నాయి. మనసు కూడా మోకాళ్ళ మాటే విన్నది.

తెల్లవారి పేపరు తీస్తే తాటికాయంత అక్షరాలు: ‘బేకరీలో తనిఖీలు? కల్తీ పిండి స్వాధీనం’. కింద మరిది పేరు. “విశ్వసనీయ వర్గాల సమాచారం ప్రకారం” అని మొదలైంది. ముల్లు టక్కున ఊడిపోయింది. ఆవిడ పేపరును ఫోను ముందు పరిచి పట్టుకుంది.

“చూశారా! పేపర్లో కూడా పడింది. మా మరిది అడగందే అక్షరం రాయడు!”

ఆ మాట ఇంకా చల్లారనే లేదు, తలుపు చప్పుడైంది. తీస్తే రొట్టెలక్క. చేతుల్లో పెద్ద బుట్ట, దాన్నిండా రొట్టెలు. మెట్లెక్కి ఆయాసపడుతోంది, కళ్ళు మాత్రం పొడిగా ఉన్నాయి.

“పొయ్యి అడుగు పగిలింది పిన్నిగారూ. తాపీవాళ్ళని పిలిచి కొత్త ఇటుకలు వేయించాను. మసి ముక్కుల్లోకి పోకుండా వాళ్ళు గుడ్డలు కట్టుకున్నారు. సంచుల్లో ఉన్నది మసీ, పాత ఇటుకలూ. కాగితం మీద ‘పొయ్యి మరమ్మతు, రేపు తెరుస్తాం’ అని నా చేత్తో నేనే రాశాను. ఇవాళ తెరిచాను. ఒక్క ఈగ కూడా రాలేదు. ఈగలున్నాయన్న పేరన్నా రాదులెండి.”

వదినగారికి నోట మాట రాలేదు. అది ఆ వీధిలో చెప్పుకోదగ్గ వార్తే.

“కొత్త పొయ్యిలో మొదటి వాయి,” అంటూ రొట్టెలక్క బుట్ట కింద పెట్టింది. “పారెయ్యడానికి చేతులు రాలేదు. రేపటికి పిండి కలపాలో, షట్టరు దించేసుకోవాలో ఇవాళ సాయంత్రానికి తేల్చుకోవాలి నేను.”

వదినగారు బాల్కనీలోంచి వంగి కేకేసింది. మరిది సగం గడ్డం గీసుకుని, మిగతా సగం నురగతోనే పైకొచ్చాడు.

“ఎవర్ని అడిగి రాశావయ్యా ఇది?”

“విశ్వసనీయ వర్గాల్ని.”

“ఎవరా వర్గాలు?”

మరిది పైకప్పు చూశాడు, నేల చూశాడు, చివరికి మూడు కాళ్ళ స్టాండు కేసి చూశాడు. “నువ్వే వదినా.”

“నేనా!”

“వీడియో ఊరంతా తిరుగుతోంది, నీ వీధి వార్తే నీ దగ్గర లేదేంటని ఎడిటరు ఫోన్లో కేకలు. నేనేమో ఊరికి అవతలున్నాను. ఎప్పుడూ నీ వెనకేనా అని ఒళ్ళు మండి... ఈ ఒక్కసారికి అడక్కుండా రాసేశాను.”

“నీ పేపర్లో చూసే కదయ్యా నేను నిజమని నమ్మింది!”

“నీ ఫోన్లో చూసే కదా నేను రాసింది!”

రొట్టెలక్క ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. “బాగుంది వరస. ఆయన భుజాల మీద మీరు, మీ భుజాల మీద ఆయన ఎక్కి కూర్చున్నారు. మరి నేల మీద కాళ్ళు ఎవరివి?”

మరిది నురగ తుడుచుకున్నాడు. “రేపు సవరణ వేయిస్తానమ్మా.”

“ఎక్కడ వేస్తారో నాకు తెలియదా!” అంది వదినగారు. “లోపలి పేజీలో, ప్రకటనల కింద, ఆవగింజంత అక్షరాలతో. అల్మారాల్లో పేపర్లు పరిచేదాన్ని, ఎన్ని చూళ్ళేదు! అయినా రేపటిదాకా ఈ రొట్టెలు ఆగుతాయా? పద కిందికి.”

“నేనెందుకు?”

“వర్గాలొక్కటే వస్తే బాగోదు.”

ప్రతి మెట్టుకూ మోకాళ్ళను తిట్టుకుంటూ వదినగారు వీధిలోకి దిగింది. బేకరీలో పొయ్యి ఎదురుగా స్టాండు పాతి, చెంగు సర్దుకుంది.

“నిన్న పైనుంచి చూసి చెప్పాను. ఇవాళ కిందికొచ్చి అడిగి చెబుతున్నాను. ఇది కొత్త ఇటుకలు వేసిన పొయ్యి. ఇది రొట్టెలక్క అంటించిన కాగితం. ఏ తనిఖీవాళ్ళూ రాలేదు, పిండిలో ఏదీ దొరకలేదు. తప్పు నాది. పేపర్లో పడిందిగా అంటారేమో, ఆ విశ్వసనీయ వర్గాలు నేనే. మరిదీ, మొహం అటు తిప్పుకుంటావేం? చూపించు.”

సగం గడ్డంతో మరిది మొహం ఊరంతా చూసింది. వదినగారు అప్పుడే దిగిన రొట్టె ఒకటి తుంచి గబుక్కున నోట్లో వేసుకుంది. కళ్ళంట నీళ్ళు తిరిగాయి.

“చెప్పానా, నాలుక కాలుతుందని,” అన్నాడు మరిది మెల్లిగా.

అది కూడా ఫోన్లో పడింది.

ముందు వర్గాల్ని చూద్దామని జనం వచ్చారు. నవ్వుదామని వచ్చినవాళ్ళకు కమ్మటి వాసన తగిలింది. సాయంత్రానికి బుట్టలన్నీ ఖాళీ అయ్యాయనడం అబద్ధం. ఎలుక కథను వదలనివాళ్ళు ఇంకా ఉన్నారు. కానీ రొట్టెలక్క పిండి కలిపింది.

మర్నాడు సవరణ పడింది. వదినగారు చెప్పిన పేజీలోనే, చెప్పిన మూలలోనే. ఆవిడ మొగుడుగారి భూతద్దం తెచ్చుకుని ఫోను ముందు కూర్చుంది. “మా మరిది పేపరువాళ్ళు తప్పు ఒప్పుకున్నారట. ఎక్కడ ఒప్పుకున్నారో అందరం కలిసి వెతుకుదాం రండి,” అంటూ పేజీ ఆ చివరినుంచి ఈ చివరిదాకా పాకించింది. చూసినవాళ్ళు పొట్టలు పట్టుకున్నారు. ఎడిటరు మాత్రం ఫోను పట్టుకున్నాడు.

“ఆపమని చెప్పలేను సార్, పెద్ద వదిన,” అన్నాడు మరిది. “తప్పు ఎంత వేశామో ఒప్పూ అంత వేద్దాం. లేదంటే రేపు మైక్రోస్కోపు తెస్తుంది.”

ఆ మర్నాడు మొదటి పేజీలో పడింది. తాటికాయంత కాదు గానీ, నిమ్మకాయంత.

వారం తిరక్కుండా బేకరీ ముందు మళ్ళీ ఓ వ్యాను ఆగింది. మనుషులు సంచులు మోస్తున్నారు. వదినగారి చెయ్యి ఫోను మీదికి వెళ్ళి, దారిలో ఆగింది. రెయిలింగు మీంచి వంగింది.

“ఏమమ్మా రొట్టెలక్కా, ఏంటా సంచులు?”

“పిండి పిన్నిగారూ! ఈసారి ఎక్కువే తెప్పించాను!”

“నిజమేనా?”

“దిగొచ్చి చూడండి!”

ఆవిడ మోకాళ్ళను తిట్టుకుంటూ దిగబోతే, రెండో అంతస్తు తలుపు తీసుకుని, చెప్పులు వెతుక్కుంటూ మరిది ఎదురయ్యాడు.

“నువ్వెక్కడికి?”

“అడగడానికి.”

“నేను ముందు,” అని వదినగారు అతన్ని పక్కకు నెట్టి మెట్లు దిగింది.