మఫ్టీ బండికి లైట్లు

బక్కయ్యకి తోడల్లుడు సైదులంటే పడదు. ఎందుకు పడదని ఎవరైనా అడిగితే చెప్పలేడు. చెబితే నవ్వుతారని భయం. సైదులు మంచివాడే. తాగడు, ఎవరి జోలికీ పోడు, ఎదురుపడితే "బాగున్నవా అన్నా" అని ముందు తనే పలకరిస్తాడు. వాడి తప్పల్లా ఒక్కటే. వాడు నడిపే బండి నెత్తిన ఎర్రవీ నీలంవీ లైట్లుంటాయి.

ఇద్దరూ పోలీసు డ్రైవర్లే. ఇద్దరూ నల్లగొండ పల్లెల నుంచి వచ్చి, ఒకే ఇంటి అక్కాచెల్లెళ్లని చేసుకున్నవాళ్లే. సైదులుది ఎల్బీ నగర్‌లో పెట్రోలింగ్ కారు. ఒంటి మీద ఖాకీ, బండి తలుపుల మీద అరచేయంత అక్షరాలు. బక్కయ్యది దొంగలని పట్టే స్పెషల్ టీములో మఫ్టీ బండి. బూడిదరంగు పాత కారు, దాని మీద అక్షరం ముక్క ఉండదు. నడిపేవాడు చారల చొక్కా తొడుక్కుంటాడు. ఏ బండి, ఏం డ్యూటీ అన్నది బయటివాళ్లకే కాదు, కట్టుకున్న పెళ్లానికి కూడా చెప్పకూడదు. చెప్పకపోతే జనం ఊరుకుంటారా, వాళ్లకి తోచింది వాళ్లే చెప్పుకుంటారు.

కర్మన్‌ఘాట్‌లో ఉండే అత్త పెంటమ్మ అదే పని చేసింది. "మా చిన్నల్లుడు పోలీసు. పెద్దల్లుడు గూడ పోలీసే గని, ఎవరో పెద్దసారు ఇంటికి కూరగాయలు తెచ్చే డ్యూటీనంట" అని వాడకట్టంతా చెప్పింది. ఆ మాట బక్కయ్య చెవిన పడి మూడేళ్లు దాటింది. ఇప్పటికీ కంచంలో బెండకాయ కూర కనిపిస్తే అతనికి ఒళ్లు మండుతుంది.

ఆ ఎండాకాలం మొదట్లో ఇన్‌స్పెక్టర్ ఇంద్రాణి అతన్ని పిలిచింది.

"మొన్న కొత్తపేటలో గొలుసు దొంగని వెంటాడితే ఒక్కడూ దారివ్వలేదు బక్కయ్యా. హారన్ కొట్టీ కొట్టీ నీ చెయ్యి నొప్పెట్టిందే గాని బండి కదల్లేదు. మన కారుకి లైట్లు పెట్టిద్దాం. ఎనిమిది వేలు శాంక్షనయింది, ఒక్క రూపాయి దాటకూడదు. ఆర్పితే ఎవరికీ కనబడకూడదు, వేస్తే కనబడలేదని ఎవరూ అనకూడదు. నువ్వే చూసి తీసుకో. బండి నీది."

బండి నీది అన్న మాట బక్కయ్యకి చెవుల్లో తేనె పోసినట్టయింది. ఆ మధ్యాహ్నమే దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాడు.

మెట్రో స్తంభాల వెనక సందులో రామమోహనరావుది కార్ల సామాన్ల కొట్టు, బక్కయ్య టీము బండ్లకి సామాన్లన్నీ అక్కడివే. గుంటూరు వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లయినా ఆయన భాషకి హైదరాబాద్ గాలి సోకలేదు. కొట్లో అడుగుపెట్టగానే బక్కయ్య కళ్లు అరలో పైనున్న గుండ్రటి లైటు మీద పడ్డాయి. కింద అయస్కాంతం, బండి పైకప్పు మీద పెడితే అతుక్కుపోతుంది. వేసి చూపించమన్నాడు. గోడలన్నీ ఎర్రగా నీలంగా తిరిగాయి. ఆ వెలుగులో బక్కయ్యకి అత్త ఇంటి గేటు, గేటు ముందు ఆగిన తన బండి, నోరు తెరుచుకుని నిలబడిన వాడకట్టు కనిపించాయి.

"గిదెంత?" అన్నాడు.

"అదెందుకండీ మీకు? అది నెత్తిన పెట్టుకెళితే దొంగ మీకంటే ముందు చూసి, ఇంటికెళ్లి భోంచేసి పడుకుంటాడు."

"మరి అద్దం వెనక పెట్టేది?"

"పెట్టొచ్చు. వెలుగు అద్దానికి తగిలి తిరిగొచ్చి మీ కళ్లలోనే పడుతుంది. చవగ్గా ఉందని తీసుకెళ్లినవాళ్లు వారం తిరక్కుండా తెచ్చి నా మొహాన కొట్టారు."

ఆయన నాలుగు రకాలు బయటికి తీశాడు. అన్నీ బొటనవేలు పొడుగువే, ఇంజను ముందుండే జాలీ లోపల బిగించేవి. కొట్లో వేస్తే నాలుగు లైట్లూ కళ్లు మూసుకునేంతగా వెలిగాయి. బక్కయ్య అన్నిటికంటే చవకది చేతిలోకి తీసుకున్నాడు.

"ఆగండి బక్కయ్య గారూ. నీడలో అన్నీ సూర్యుళ్లే. ఎండలోకి పదండి."

పన్నెండు గంటల ఎండలో కారు బానెట్ మీద నాలుగింటినీ వరసగా పెట్టి, బ్యాటరీకి వైర్లు తగిలించి, బక్కయ్యని అవతలి స్తంభం దాకా నడిచి వెనక్కి తిరిగి చూడమన్నాడు. బక్కయ్య వెళ్లి తిరిగాడు. రెండు లైట్లు ఎండలో కలిసిపోయి ఉన్నాయో లేవో తెలియలేదు. మూడోది భేష్‌గా ఉంది గాని దాని ఒక్కదాని ధరే పదకొండు వేలు. నాలుగోది, నల్ల డొక్కుది, అంత దూరం నుంచీ సూటిగా వచ్చి కంటికి తగిలింది. రావుగారు దాన్ని జాలీ లోపల పెట్టి ఆర్పి, దగ్గరకొచ్చి చూడమన్నాడు. బక్కయ్య వంగి, మోకాళ్ల మీద కూర్చుని వెతికాడు. కనిపించలేదు. తర్వాత ఆయన దాని మీద సీసాడు నీళ్లు గుమ్మరించాడు. అయినా వెలిగింది. ఎర్రదీ నీలందీ జత, బిగింపుతో కలిపి ఏడువేల నాలుగొందలు.

అది తీసుకున్నాడు. పైనున్న గుండ్రటి లైటు వైపు ఇంకోసారి చూసి మరీ తీసుకున్నాడు. పనిలో బక్కయ్య దొంగ కాడు, అది మాత్రం ఒప్పుకోవాలి.

ఇంద్రాణి మేడం కారు చుట్టూ మూడుసార్లు తిరిగింది, లైట్లెక్కడున్నాయో పట్టలేకపోయింది. బక్కయ్య స్టీరింగ్ కింద మీట నొక్కితే ఉలిక్కిపడి నవ్వింది. "మంచివి ఎంచావు" అంది. ఆ రోజంతా అతను నేల మీద నడవలేదు. మర్నాటికి ఆ సంతోషం చప్పబడిపోయింది. తను ఎంత మంచివి ఎంచాడో తెలిసింది ఒక్క మేడంకి. సైదులు ఏమీ ఎంచకుండానే వాడి లైట్లు ఊరందరికీ తెలుసు. ఇదెక్కడి న్యాయం అనుకున్నాడు.

ఆ తర్వాతి మంగళవారం సైదులు తన భార్య అమలకి కొన్న స్కూటీకి కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడి దగ్గర పూజ. బక్కయ్య మేడంని కోర్టు దగ్గర దింపి, మళ్లీ పిలిచేలోపు ఓ అరగంట దొరికితే బండితో సహా వెళ్లాడు. సైదులు కూడా గస్తీ దారిలో ఐదు నిమిషాలు ఆగాడు. పిల్లలు వాడి కారు చుట్టూ మూగారు. "జర ఎయ్యి అల్లుడా, పిల్లలు చూస్తరు" అని పెంటమ్మ బతిమాలితే, మొహమాటపడుతూ ఒక్కసారి లైట్లు వేసి ఆర్పేశాడు. పెంటమ్మ మొహం చాటంత అయింది.

సైదులు కూతురు జ్యోతిక బక్కయ్య చెయ్యి పట్టుకుంది. "పెద్దబాపూ, నీ బండికి లైట్లు లేవా?"

"కూరగాయల సంచికి లైట్లెందుకు బిడ్డా" అంది పెంటమ్మ.

అందరూ నవ్వారు. బక్కయ్య కూడా నవ్వబోయాడు, అలవాటే కదా. అంతలో అతనికి భార్య రాములమ్మ కనిపించింది. ఆమె నవ్వలేదు. తల దించుకుని, సరిగ్గానే ఉన్న కొంగుని మళ్లీ సర్దుకుంటోంది. అత్త మాట మూడేళ్లుగా మింగుతున్నాడు, అది ఇంకో ముప్పై ఏళ్లయినా మింగేవాడు. ఆ కొంగు సర్దుకోవడం మాత్రం మింగుడుపడలేదు. కార్లో కూర్చుని స్టీరింగ్ కిందికి చెయ్యి పోనిచ్చి మీట నొక్కాడు.

జాలీ లోంచి ఎర్ర వెలుగు, నీలం వెలుగు ఒకదాన్నొకటి తరుముతూ గుడి గోడ మీద పడ్డాయి. బండ్ల పూజకి వరసలో ఉన్న జనమంతా ఇటు తిరిగారు. స్కూటీకి బొట్టు పెడుతున్న అయ్యగారు అది వదిలేసి వచ్చి కారు బానెట్ మీద పసుపు కుంకుమలతో స్వస్తిక్ గీశాడు. ఎవరో చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, ఎవరో బంతిపూల దండ వేశారు. పెంటమ్మ బండి ముందుకొచ్చి నిలబడి, "మా పెద్దల్లుడిది సీక్రెట్ పోలీసంట, ఎవరికి చెప్పద్దంట" అని పూలమ్మే ఆమెకీ, ఆ పక్క ఆమెకీ చెప్పింది. ఫోన్లు లేచాయి. రాములమ్మ తల ఎత్తింది. బక్కయ్య ఆ మొహమే చూస్తూ కూర్చున్నాడు.

సైదులు కిటికీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అన్నా, బండి నంబరు పడ్తున్నది ఫోన్లల్ల. ఆర్పెయ్యి."

వీడికి కళ్లు కుట్టాయి అనుకున్నాడు బక్కయ్య. అంత హాయి అతనికి పెళ్లినాడు కూడా కలగలేదు. ఇంకో రెండు నిమిషాలు వెలగనిచ్చాడు.

శుక్రవారం పొద్దున దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్ ఎదురుగా కాపు కాశారు. మెడల్లో గొలుసులు తెంపే ఇద్దరు నల్ల బైకు మీద అక్కడికొస్తారని కబురు. ఇంద్రాణి మేడం నేత చీర కట్టుకుని, ఒళ్లో కూరగాయల సంచి పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. రెండు గంటల తర్వాత బైకు వచ్చింది, ఓ యాభై అడుగుల దూరంలో ఆగింది. మేడం తలుపు గడియ మీద చెయ్యి వేసింది.

అప్పుడే టీ కొట్టు అంతయ్య రెండు గ్లాసులతో వచ్చి కిటికీ మీద తట్టాడు. ముసలాయన మొహం వెలిగిపోతోంది. "అన్నా, ఫోన్ల చూసిన బండి గిదే గదా? నంబరు గుర్తువట్టిన. జర ఒక్కసారి లైట్లు ఎయ్యవా, మా ఇంటామె చూస్తదంట."

కొట్టు దగ్గర నిలబడ్డ నలుగురూ కారు వైపు తిరిగారు. బైకు మీదివాళ్లు కూడా తిరిగారు. వెనక కూర్చున్నవాడు ముందువాడి వీపు మీద ఒక్కటి చరిచాడు, బైకు ఆటోల మధ్య దూరి మాయమైపోయింది. బక్కయ్య ఇంజను వేసేసరికి ముందు సిటీ బస్సు అడ్డం వచ్చింది.

మేడం అంతయ్య ఫోను తీసుకుని చూసింది. పసుపు, బంతిపూలు, వెలుగుతున్న లైట్లు, వాటి ముందు నడుం మీద చెయ్యి వేసుకుని పెంటమ్మ. నంబరు ప్లేటు స్పష్టంగా ఉంది.

"ఎందుకు చేశావు?"

బక్కయ్య స్టీరింగ్ మీది నుంచి చేతులు తీశాడు. "మా అత్త కూరగాయల డ్యూటీ అన్నది మేడం" అన్నాడు. అనేశాక అద్దంలో ఆమె ఒళ్లో సంచి కనిపించింది. అందులోంచి బెండకాయలు తొంగిచూస్తున్నాయి. ఆమె సంచి మూతి ముడేసి పక్కన పెట్టింది.

మెమో ఇచ్చారు. ఊరంతా ఎరిగిన బండి మఫ్టీకి పనికిరాదని దానికి తెల్లరంగు వేయించి, తలుపుల మీద అక్షరాలు రాయించి, నెత్తిన లైట్లు బిగించారు. బక్కయ్యకి ఖాకీ తొడిగి అదే బండిలో ఎల్బీ నగర్ గస్తీకి పంపారు. టీముకి కొత్త కారు వచ్చింది. దానికి నోరు మెదపని డ్రైవరు కావాలని వెతికి, సైదులుని తీసుకున్నారు. జాలీ లైట్లు మాత్రం మేడం పారేయనివ్వలేదు. విప్పించి కొత్త కారుకి పెట్టించింది.

ఇంత జరిగినా బక్కయ్య మనసులో ఓ మూల చిన్న ఆశ మిగిలే ఉంది. ఆదివారం అత్తగారింటి ముందు లైట్లు తిరుగుతుండగా బండి ఆపాడు. పెంటమ్మ గేటు దగ్గరే చిక్కుడుకాయలు తుంచుతోంది. "ఆర్పు అల్లుడా, కండ్లల్ల పడ్తున్నయి" అంది. అరుగు మీద సైదులు గళ్ల చొక్కాలో కూర్చుని ఉన్నాడు, చుట్టూ వాడకట్టు మగవాళ్లు.

"ఇప్పుడు ఏం డ్యూటీ సైదులూ?" అని ఎవరో అడిగారు.

"చెప్పద్దు" అని సైదులు మంచినీళ్లు తాగాడు.

మగవాళ్లు అతనికి ఇంకాస్త దగ్గరికి జరిగారు. పెంటమ్మ చిక్కుడుకాయలు ఆపి అందరి వైపూ చూసింది. "చూసిన్రా, నోరు తెరువడు. పోలీసంటే గట్ల ఉండాలె."

మర్నాడు మధ్యాహ్నం ఎల్బీ నగర్ చౌరస్తాలో బక్కయ్య బండి పక్కన నిలబడి ఉన్నాడు. ఎండ నెత్తి మాడ్చేస్తోంది. దూరంగా, బస్సుల వెనక, ఒక మామూలు కారు ముందు భాగంలోంచి ఎర్రగా నీలంగా ఏదో సూటిగా వచ్చి అతని కంటికి తగిలింది. ఆటోలు, బస్సులు చెరో పక్కకీ ఒదిగాయి. కారు దూసుకొచ్చింది. గళ్ల చొక్కా అటూ ఇటూ చూడకుండా నడుపుతున్నాడు. చౌరస్తా దాటగానే లైట్లు ఆరిపోయాయి. వందల కార్లలో అదో కారు అయిపోయింది.

ట్రాఫిక్ కానిస్టేబుల్ రాజు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "అబ్బ, ఏం లైట్లే అన్నా అవి. అసలు ఏడున్నయో గూడ తెల్వలే. ఎవరి బండి అది?"

ఎండలో స్తంభం దాకా నడిచి వెనక్కి తిరిగి చూసింది నేను, మోకాళ్ల మీద వెతికింది నేను, అవి నావి. అంతా నాలుక చివరిదాకా వచ్చింది. బక్కయ్య గుటక వేశాడు.

"ఏ బండి?" అన్నాడు.