ఆడి గాలిలో ఒక పిలుపు

గాలి.

పొద్దున లేచినప్పటి నుంచి ఒకటే గాలి. చింత కొమ్మల్ని వంచుతుంది, వదులుతుంది. దండెం మీది చీరను మెలిపెడుతుంది, విప్పుతుంది, మళ్ళీ మెలిపెడుతుంది. పుత్తూరు వీధుల్లోని దుమ్మంతా ఈ ఇంట్లోంచి ఆ ఇంట్లోకి చుట్టపుచూపుగా వెళ్ళి వస్తోంది.

ఆషాఢం. అరవదేశం పక్కనే కాబట్టి ఇక్కడ అందరికీ అది ఆడి నెల.

గురవమ్మ వసారాలో కూర్చుని విత్తనానికి శనక్కాయలు వలుస్తోంది. చిటుక్... చిటుక్... పొట్టు చేటలో నిలవడం లేదు. మనసు ఒంట్లో నిలవడం లేదు.

కూతురు వచ్చింది.

మనవరాలిని తీసుకుపోవడానికి వచ్చింది.

కన్నది పంకజాక్షి. పెంచింది గురవమ్మ. ఎవరినని అంటాం? యుద్ధం అలా చేసింది. మద్రాసు మీద జపానువాళ్ళు బాంబులేస్తారని పట్నమంతా మూటలు కట్టుకుని రైలెక్కిన ఏడు, పంకజాక్షీ చంటిపిల్ల రత్నాన్ని ఎత్తుకుని పుట్టింటికి వచ్చింది. హార్బరులో పనిచేసే మొగుడు అక్కడే ఉండిపోయాడు. ఉండి, విషజ్వరం తెచ్చుకున్నాడు. గంజి కాచిపోసే దిక్కు లేదు.

"నువ్వు పో. బిడ్డను నేను సూసుకుంటా," అంది గురవమ్మ.

పంకజాక్షి వెళ్ళింది. కొన్నాళ్ళకు జ్వరం తగ్గింది. ఇంకొన్నాళ్ళకు బాంబుల భయమూ తగ్గింది. బిడ్డ మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

కూతురు తీసుకుపోదామని వచ్చినప్పుడల్లా గురవమ్మ దగ్గర ఒక మాట సిద్ధంగా ఉండేది. ఒకసారి తట్టు పోసింది. ఒకసారి చలి. ఒకసారి, పట్నం నీళ్ళు పడవు. ఏదీ అబద్ధం కాదు. తిరకాసంతా అక్కడే ఉంది.

ఇంట్లో ఎవరు ఎవరిని ఏమని పిలిస్తే రత్నమూ అలాగే పిలిచింది. గురవమ్మ చిన్నకొడుకు ధనంజయ గురవమ్మను అమ్మా అంటాడు. రత్నమూ అమ్మా అంది. వాడు మునిరామయ్యను నాయనా అంటాడు. రత్నమూ నాయనా అంది. తాత మీసాల్లో నవ్వుకున్నాడు.

వాడు పంకజాక్షిని అక్కా అంటాడు.

రత్నమూ...

మొదటిసారి విన్నప్పుడు ఇల్లంతా నవ్వింది. పంకజాక్షీ నవ్వింది. దిద్దవలసింది అప్పుడే. గురవమ్మ దిద్దలేదు. పసిగుడ్డు, దానికేం తెలుసు అంది. చెవిలో తేనె పోస్తుంటే ఎవరైనా చెయ్యి అడ్డం పెడతారా?

అసలు కంటే వడ్డీ ముద్దు — వీధిలోని అమ్మలక్కలు అనేవాళ్ళు. గురవమ్మ మురిసిపోయేది.

ఈసారి పంకజాక్షి పెట్టెలోంచి ఒక గౌను తీసింది. తన చేత్తో కుట్టింది. నీలం పువ్వులు, మెడ చుట్టూ తెల్లని అంచు. రత్నం చేతులెత్తి నిలబడింది. తల దూరింది. భుజాలు దూరలేదు. పోయినసారి కళ్ళతో కొలుచుకుపోయిన బిడ్డకు కుట్టిన గౌను అది. ఆ బిడ్డ ఇప్పుడు లేదు. అంతకంటే జానెడు పొడవైన పిల్ల గౌనులో ఇరుక్కుని గింజుకుంటోంది.

"బిడ్డ పెరగదా యేమి?" అనేసింది గురవమ్మ.

కాలు జారితే తీసుకోవచ్చు...

పంకజాక్షి ఏడవలేదు. గౌను విడిపించింది. మడిచింది. మళ్ళీ మడిచింది. అరచేతిలో పట్టేంత అయ్యేదాకా మడుస్తూనే ఉంది.

అప్పటి నుంచి తల్లిని ఆమె అమ్మా అని పిలవలేదు.

"ఉప్పు యాడుండాది?" — గోడను అడిగినట్టు.

"నీళ్ళు కాగినాయి." — పొయ్యికి చెప్పినట్టు.

ఆ మాట ఇప్పుడు ఇంకొకరిది అనుకుందో ఏమో. ఒకే ఇంట్లో ఒకే మాటను పట్టుకుని ఇద్దరు ఎలా వేలాడడం?

గాలి. తలుపులు కొట్టుకుంటున్నాయి. గురవమ్మ లేచి మూస్తుంది. కూర్చుంటుంది. మళ్ళీ లేస్తుంది.

"ఆడి పోనీ," అంది చివరికి, శనక్కాయల వైపు చూస్తూనే. "ఆడిలో బిడ్డను పంపితే సరిపడదు."

"ఆ పొద్దు తట్టు అంటివి. ఆమీట చలి అంటివి. ఇప్పుడు ఆడి." పంకజాక్షి గొంతు పెరగలేదు. "ఏడాదిలో నాకంటూ ఒక్క నెలన్నా మిగిలిస్తివా?"

గురవమ్మకు కోపం వచ్చింది. కాచి పెంచిన చేతులివి. ఒళ్ళు కాలిపోతుంటే భుజాన వేసుకుని తెల్లారేదాకా తిరిగిన కాళ్ళివి. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

పక్కన మోకు పేనుతున్న మునిరామయ్య తలెత్తలేదు.

"వడ్డీని సంకన ఏసుకోని తిరగతావుండావు, సరే. అసలు ఎట్లుండాదని ఒక్క పొద్దన్నా అడిగితివా?"

అంతే అన్నాడు. మళ్ళీ మోకు పేనుకున్నాడు.

గురవమ్మ చేతిలో కాయ చిట్లలేదు.

అడగలేదు.

దీపాలు ఆర్పేసిన పట్నం. కిటికీలకు నల్ల కాగితాలు. మంచం మీద కాలిపోతున్న మొగుడు. పాలు కట్టేసిన రొమ్ములు, వాటిని పిండుకోవడానికి చాటు కూడా లేని ఒంటిగది. ఇరవై నిండని పిల్ల. ఆ పిల్ల వచ్చిన ప్రతిసారీ గురవమ్మ ఏం చెప్పింది? రత్నానికి పళ్ళు వచ్చాయని. రత్నం నడిచిందని. రత్నం అన్న మాటలు, రత్నం చేసిన అల్లరి. ఎదురుగా కూర్చున్న బిడ్డను, నువ్వు తింటున్నావా అని... ఒక్కసారి... ఎముకలు తేలిన ఆ మెడను ఇన్నాళ్ళూ చూడనే లేదు. ఇప్పుడు చూసింది.



ఆ మధ్యాహ్నం రత్నం పెరట్లో గాలికి ఎదురు పరుగెత్తుతూ రాయి తగిలి పడింది. మోకాలు చీరుకుపోయింది.

"అమ్మా..."

గురవమ్మ ఒళ్ళు సగం లేచింది.

కూర్చుంది.

చిటుక్.

"అమ్మా!"

చిటుక్. చిటుక్. గింజలు ఒలికిపోతున్నాయి. కళ్ళలో నీళ్ళకు చేట కనబడడం లేదు. నేను కాదు తల్లీ. పక్కనుండాది చూడు. అటు చూడు.

పంకజాక్షి పరుగెత్తింది. రత్నం ఆమె చేతుల్ని కొట్టింది, తన్నింది, అమ్మ కావాలంది. పంకజాక్షి దెబ్బలు తింటూనే చెంబుతో నీళ్ళు పోసి మట్టి కడిగింది. ఏడుపు వెక్కిళ్ళయింది. వెక్కిళ్ళ మధ్య చిన్న గొంతు —

"మండతా ఉండాది. ఊదక్కా."

పంకజాక్షి ఊదింది. ఆ గాలిలో ఆ చిన్న ఊపిరి ఎంత? అయినా రత్నం కాలు వెనక్కి తీసుకోలేదు.

ఊదుతూ ఊదుతూ పంకజాక్షి తలెత్తి వసారా వైపు చూసింది. అటు తిరిగి కూర్చున్న తల్లి వీపు. అదురుతున్న వీపు. చాలాసేపు చూసింది.

ఆడి పోనీ అన్న మాట గురవమ్మ మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు జట్కా వచ్చింది. పాసింజరు అందుకోవాలి. రత్నానికి పాత పరికిణీయే కట్టింది గురవమ్మ. తల దువ్వింది, జడ వేసింది, జడ బాగోలేదని విప్పింది, మళ్ళీ వేసింది. ఎత్తుకుని కూతురి ఒళ్ళో కూర్చోబెట్టింది. చిన్న వేళ్ళు ఆమె కొంగును పట్టుకున్నాయి. ఒక్కొక్క వేలూ విడదీసింది. ఇంట్లోకి వచ్చేసింది. కనబడితే బిడ్డ దిగిపోతుంది.

వంటింటి గోడకు వీపు ఆనించి నిలబడింది.

జట్కా కదిలింది.

"అమ్మా... అమ్మా..."

పలకకూడదు. కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంకొంచెం దూరం పోతే ఆగిపోతుంది. పిల్లలు మరిచిపోతారు. మరిచిపోవాలి. మరిచిపోతేనే...

"అమ్మా —"

ఇది చిన్న గొంతు కాదు.

చివర కొంచెం బొంగురుపోయే గొంతు. ఒకప్పుడు బడి నుంచి వస్తూ వీధి మలుపులోనే మొదలుపెట్టిన గొంతు. కాన్పు నొప్పుల్లో ఈ గోడల మధ్యనే అరిచిన గొంతు.

గురవమ్మ పరుగెత్తింది. గడప తగిలింది, తూలింది, వీధిలో పడింది.

గాలి. దుమ్ము. దుమ్ములో ఎక్కడో డెక్కల చప్పుడు.

మళ్ళీ ఆ పిలుపు. చిన్న గొంతూ పెద్ద గొంతూ కలిసిపోయాయి. ఏది ఎవరిదో విడదీయలేకపోయింది. విడదీయాలనీ అనిపించలేదు.

"ఓ..." అంది గురవమ్మ, ఊపిరంతా పెట్టి. "పంకజా... ఓ..."

ఎదురుగాలి. వాళ్ళ పిలుపు ఆమెకు అందుతూనే ఉంది.

ఆమె పలుకు వాళ్ళకు అందుతోందో, లేదో...