పేజీకీ పేజీకీ మధ్య బెంచీ

కంటి ఆసుపత్రిలో పొద్దున తొమ్మిదింటికి జరిగే పనులు మూడు. ఊడ్చే ఆవిడ వరండా తడిగుడ్డతో తుడుస్తుంది. పెద్ద నర్సు కంప్యూటర్ ముందు కూర్చుని, ఆపరేషన్ కోసం పేరు రాయించుకున్నవాళ్ల జాబితా తెరిచి, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి తేదీ ఖాయం చేస్తుంది. ఆవిడ ‘తర్వాతి పేజీ’ అన్నచోట నొక్కినప్పుడల్లా బయట బెంచీ మీద ఒకరు వచ్చి కూర్చుంటారు.

వచ్చి అంటే నడిచి కాదు. రెండు పేజీల మధ్య జారిపోయినవాళ్లు, ఎక్కడున్నా సరే, ఆ బెంచీ మీద తేలతారు. మొదటిసారి నొక్కితే బస్సు డ్రైవరు, రెండోసారికి లెక్కల మేష్టారు, తర్వాత గడియారాలు బాగుచేసే ఆయన, నాలుగోసారికి మెడలో టేపుతో దర్జీ పిన్ని. సాయంత్రం జాబితా మూసేశాక ఎవరి చోటికి వాళ్లు చేరతారు.

“కాళ్లు పైకెత్తండి,” అంటుంది ఊడ్చే ఆవిడ. ఎత్తుతారు.

“మమ్మల్ని ఎప్పుడు పిలుస్తారమ్మా?” అని మేష్టారు అడిగితే నర్సు కళ్లజోడు మీంచి చూస్తుంది.

“జాబితాలో పేరొస్తే పిలవనా? కూర్చోండి.”

ఆ జాబితా తయారుచేసింది పక్కగదిలో ఉండే ప్రోగ్రామరమ్మ. ఏ చిరునామా కొడితే ఏ పేజీ తెరుచుకోవాలో, అందులో ఎవరెవరుండాలో రాసిపెట్టేది ఆవిడే. వస్తూ పోతూ దర్జీ పిన్నికి సూదిలో దారం ఎక్కించి ఇచ్చేది. మొదట్లో పిన్నికి దారం ఒక్కటే కనిపించేది కాదు. ఇప్పుడు సూది కోసం కూడా ఒళ్లో తడుముకుంటోంది.

గురువారం దారం ఎక్కిస్తూ ప్రోగ్రామరమ్మ అడిగింది, “మీ నంబరెంత పిన్నీ?”

“నలభై. డ్రైవరుది పది, మేష్టారిది ఇరవై, ఆ గడియారాలాయనది ముప్పై. అందరివీ భలే గుండ్రంగా కుదిరాయని నవ్వుకుంటూ ఉంటాం.”

ప్రోగ్రామరమ్మ నవ్వలేదు. గదిలోకి వెళ్లి చూస్తే నాలుగో పేజీ ముప్పై తొమ్మిదితో ఆగింది, ఐదో పేజీ నలభై ఒకటితో మొదలైంది. నెల కింద నర్సు, “పదో పేరు కోసం తెర కిందికి జరపలేక చస్తున్నానమ్మా, పేజీకి తొమ్మిదే పెట్టు,” అంటే పెట్టింది. ‘తర్వాతి పేజీ’ లింకులు మాత్రం పదేసి పేర్లు దూకేలాగే వదిలేసింది, దాంతో ప్రతి పదో పేరూ ఏ పేజీలోనూ లేకుండా పోయింది.

సరిచెయ్యడం క్షణం పని. కానీ బయటూరి సర్జన్ వచ్చేవారం వచ్చి ఆపరేషన్ చేసేది నలభై మందికే, మళ్లీ ఆయన వచ్చేది ఆరు నెలలకి. ఈ నలుగురూ జారిపోబట్టే నలభై నాలుగో నంబరుకి చోటు దొరికింది. ఆ నంబరు ప్రోగ్రామరమ్మ తల్లిది. ఆవిడ అప్పుడే వారపత్రిక ఒకటి దిండు కింద దాచుకుంది కూడా. “కట్టు విప్పగానే సీరియల్ నేనే చదువుకుంటా. నువ్వు చదివితే సగం పేరాలు మింగేస్తావు,” అంది.

జాబితా ఐదింటికి సర్జన్ చేతికి వెళ్తుంది. రేపు సరిచేస్తే అడిగే నాథుడు లేడు. ప్రోగ్రామరమ్మ నాలుగున్నర దాకా తెర ముందు అలాగే కూర్చుంది. తలుపు సందులోంచి చూస్తే, సూది కింద పడినట్టుంది, పిన్ని తడినేల మీద చేతులతో వెతుక్కుంటోంది. ప్రోగ్రామరమ్మకి ఏడుపొచ్చింది. తొమ్మిది కొట్టేసి పది పెట్టింది.

బెంచీ ఖాళీ అయింది. “అయ్యో, వీళ్ల పేర్లు ఇక్కడే ఉన్నాయే!” అంటూ నర్సు ఫోన్ అందుకుంది.

సంగతంతా విన్నాక తల్లి రెండు రోజులు ఆ వారపత్రిక ముట్టుకోలేదు. మూడో రోజు పొద్దున, “నేనైతే చచ్చినా మార్చేదాన్ని కాదు,” అంది. మళ్లీ తనే, “నువ్వు మార్చకపోయుంటే మాత్రం ఊరుకునేదాన్ని కాదు,” అంది.

నెల తిరిగింది. ఒకరోజు ప్రోగ్రామరమ్మ ఆసుపత్రికి బయల్దేరుతుంటే, తల్లి మంచం మీద కూర్చుని, కనిపించకపోయినా అలవాటుగా వారపత్రికలో ఒక పేజీ తిప్పింది. తిప్పీ తిప్పగానే పక్క కుర్చీలో మెడలో టేపుతో, కట్టు విప్పిన కళ్లతో దర్జీ పిన్ని తేలింది.

“ఇటివ్వండి అక్కయ్యా,” అని పత్రిక అందుకుని, పేజీ పైనుంచి మొదలుపెట్టి ఒక్క ముక్క కూడా వదలకుండా చదవసాగింది.

తల్లి కళ్లు మూసుకుని వింటూ వింటూ, గుమ్మం దాటబోతున్న కూతుర్ని పిలిచింది.

“వెళ్లేముందు ఇంకో మూడు కుర్చీలు వేసి పో. సీరియల్ ఐదు పేజీలుంది.”